సోలార్ కారు సెల్స్‌కి ఐ-వి టెస్ట్: జిగ్ నుంచి బిన్నింగ్ దాకా

సోలార్ రేసు కారుకి సెల్స్ కొన్నాక ఒక్కో సెల్‌నీ విడిగా కొలవాల్సిందే. వోల్టేజీని మారుస్తూ ఒక్కో చోట ఎంత కరెంట్ వస్తుందో చూడడమే ఈ ఐ-వి టెస్ట్. డేటాషీట్‌లో రాసిన వాట్లు నిజమో కాదో తేల్చడానికి కాదు. కాలేజీ ల్యాబ్‌లో అది తేలదు కూడా. మనకి కావలసింది ఏ సెల్ పక్కన ఏ సెల్ పెట్టాలన్న సమాచారం. ఒకేలాంటి సెల్స్‌ని గుంపులుగా విడదీయడమే బిన్నింగ్, ఒక్కో గుంపు ఒక బిన్. అందుకు ఒకే సెల్‌ని పదిసార్లు కొలిస్తే పదిసార్లూ ఒకే అంకె రావాలి. రీడింగులన్నీ 2 శాతం ఎక్కువ చూపించినా పర్లేదు, అన్నీ ఒకేలా ఎక్కువ చూపిస్తే చాలు. కింద చెప్పే ఏర్పాట్లన్నీ దాదాపు దీనికోసమే.

లెక్కలకి సన్‌పవర్ సీ60 సెల్‌ని తీసుకుందాం. 125 మి.మీ. సెల్, మూలలు కోసి ఉంటాయి, వైశాల్యం సుమారు 153 చదరపు సెం.మీ. అన్నిటికన్నా మెరుగైన బిన్ విలువలు ఇవి: ఓపెన్ సర్క్యూట్ (కరెంట్ తీయనప్పటి) వోల్టేజీ 0.687 వోల్టులు, షార్ట్ సర్క్యూట్ (రెండు కొనలూ కలిపేసినప్పటి) కరెంట్ 6.28 ఆంపియర్లు, గరిష్ఠ పవర్ దగ్గర 0.582 వోల్టులు, 5.93 ఆంపియర్లు, డేటాషీట్ రాసే పవర్ 3.42 వాట్లు. ఇవన్నీ చదరపు మీటరుకి 1000 వాట్ల వెలుతురు, 25 డిగ్రీల సెల్ ఉష్ణోగ్రత, ఏఎం 1.5 స్పెక్ట్రమ్ (ఎండకి ప్రామాణికంగా తీసుకునే రంగుల మిశ్రమం) దగ్గర. ఆస్ట్రేలియాలో జరిగే వరల్డ్ సోలార్ ఛాలెంజ్‌లో 2017లో సిలికాన్ సెల్స్‌కి పెట్టిన 4 చదరపు మీటర్ల హద్దులో ఇలాంటివి 260 దాకా పడతాయి.

జిగ్, తీగలు

జిగ్ అంటే సెల్‌ని కదలకుండా పట్టి తీగలకి కలిపే చట్రం. తప్పులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. సెల్ ఇచ్చేది అర వోల్టు పైచిలుకు, కరెంట్ మాత్రం 6 ఆంపియర్లు. 1.5 చదరపు మి.మీ. రాగి తీగ మీటరుకి 11.5 మిల్లీఓమ్‌లు. రానుపోను రెండు మీటర్ల తీగలో 6 ఆంపియర్ల దగ్గర దాదాపు 0.14 వోల్టు పోతుంది, అంటే సెల్ పనిచేసే వోల్టేజీలో పావు వంతు. మొసలి క్లిప్పు పట్టు కాస్త వదులైనా ఇంకో 10 మిల్లీఓమ్‌లు, ఇంకో 60 మిల్లీవోల్టులు. ఆ పట్టు సెల్ సెల్‌కీ మారుతుంది. మీరు కొలుస్తున్నది అప్పుడు సెల్‌ని కాదు, క్లిప్పుని.

అందుకే నాలుగు తీగల పద్ధతి తప్పనిసరి. కరెంట్ మోసే జత వేరు, వోల్టేజీ చూసే జత వేరు. రెండు జతలూ సెల్ ప్యాడ్ మీదే కలవాలి, అంతకుముందు ఎక్కడా కలవకూడదు. సీ60లో ప్లస్, మైనస్ రెండూ వెనకవైపే, ఎదురెదురు అంచుల్లో మూడేసి ప్యాడ్‌లుగా ఉంటాయి. కాబట్టి సెల్‌ని ముఖం పైకి పెట్టి, కింది నుంచి పోగో పిన్నులు (లోపల స్ప్రింగు ఉన్న పిన్నులు) తగిలేలా జిగ్ చేసుకోండి. ప్రతి ప్యాడ్‌కీ కరెంట్ పిన్నులు రెండు, సెన్స్ పిన్ను ఒకటి. చిన్న పోగో పిన్నులు సాధారణంగా 2, 3 ఆంపియర్లకి మించి మోయవు, అందుకే రెండేసి. మూడు ప్యాడ్‌లనీ వాడండి. ఒక్కటే వాడితే సెల్ లోపలి మెటల్‌లో కరెంట్ దూరం నడిచి ఫిల్ ఫ్యాక్టర్ (గరిష్ఠ పవర్‌ని ఓపెన్ వోల్టేజీ, షార్ట్ కరెంట్‌ల లబ్ధంతో భాగిస్తే వచ్చేది) పడిపోతుంది, లేని లోపం సెల్‌కి అంటగడతారు.

సెల్ కింద అల్యూమినియం ప్లేటు పెడితే మధ్యలో కాప్టన్ టేపు (వేడికి తట్టుకునే ఇన్సులేషన్ టేపు) పరచడం మరవొద్దు. ప్లస్, మైనస్ రెండూ వెనకే ఉన్నాయి కాబట్టి ప్లేటు వాటిని షార్ట్ చేసేస్తుంది. చేతులకి నైట్రైల్ గ్లోవ్స్ వేసుకుని సెల్‌ని అంచులు పట్టుకునే ఎత్తాలి. మందం సుమారు 0.16 మి.మీ. మాత్రమే, పిన్నుల ఒత్తిడి ఎక్కువైనా పగులు పడుతుంది.

కరెంట్ కొలవడానికి మల్టీమీటర్ 10 ఆంపియర్ల సాకెట్ వాడకండి. దాని లోపలి షంట్ (కరెంట్ కొలవడానికి దాని దారిలో పెట్టే చిన్న రెసిస్టర్), లీడ్లు కలిసి సెల్ వోల్టేజీని మింగేస్తాయి. నాలుగు కాళ్ల 10 మిల్లీఓమ్‌ల షంట్ పెట్టండి. 6 ఆంపియర్ల దగ్గర దానిమీద 60 మిల్లీవోల్టులు వస్తుంది. ఏడీఎస్1115 లాంటి 16 బిట్ల చిప్‌ని 0.256 వోల్టుల రేంజ్‌లో పెడితే ఒక్కో మెట్టు 7.8 మైక్రోవోల్టులు, అంటే ముప్పావు మిల్లీఆంపియర్. ఇది చాలు. ఆ చిప్ మాత్రం ఒకసారికి ఒక ఛానెలే చదువుతుంది. వోల్టేజీ చదివి కరెంట్ చదివేలోగా లోడ్ (సెల్ నుంచి కరెంట్ లాగే పరికరం) కదిలిపోకుండా, ప్రతి పాయింటు దగ్గరా లోడ్‌ని ఆపి రెండూ చదవాలి. లేదా రెండు చిప్‌లు పెట్టుకోండి.

ఇక లోడ్. మార్కెట్లో దొరికే ఎలక్ట్రానిక్ లోడ్‌లు చాలావరకు వోల్టు కన్నా కింద 6 ఆంపియర్లు లాగలేవు. సెల్‌కి సిరీస్‌లో, అదే దిశలో 3 వోల్టులు, 10 ఆంపియర్ల పవర్ సప్లై కలిపితే తీగల్లో పోయే వోల్టేజీని అది భరిస్తుంది, సెల్ సున్నా వోల్టు దాకా వెళ్తుంది. అయితే లోడ్ పూర్తిగా షార్ట్‌లా మారితే ఆ 3 వోల్టులూ సెల్ మీద తిరగబడి, సెల్‌లోనే 18 వాట్ల వేడి పుడుతుంది. సెన్స్ వోల్టేజీ మైనస్‌లోకి జారగానే లోడ్ ఆగిపోయేలా ప్రోగ్రాం రాయండి.

వెలుతురు

హాలోజెన్ దీపాలు చవక. కానీ వాటిలో ఇన్‌ఫ్రారెడ్ ఎక్కువ, సెల్‌ని కాల్చేస్తాయి, మెయిన్స్ ఊగితే వెలుతురూ ఊగుతుంది. ఎల్‌ఈడీ సిమ్యులేటర్ ఉంటే మంచిదే. ఏదైనా సరే, ముందు సమానత్వం చూడండి. సెల్ పెట్టే చోటుని 25 గళ్లుగా విభజించి, చిన్న సెల్ ముక్కతో ప్రతి గడిలో కరెంట్ చదవండి. ఎక్కువ, తక్కువ రీడింగుల తేడాని వాటి మొత్తంతో భాగిస్తే అసమానత వస్తుంది. సోలార్ సిమ్యులేటర్లకి ఉన్న ఐఈసీ 60904-9 ప్రమాణం ప్రకారం క్లాస్ ఎ కావాలంటే అది 2 శాతం దాటకూడదు.

డాబా మీద ఎండ కూడా మంచి దీపమే. పైగా స్పెక్ట్రమ్ గొడవ తక్కువ. మబ్బు లేని రోజున, పదకొండు నుంచి ఒంటిగంట మధ్య, చదరపు మీటరుకి 800 వాట్ల పైన ఉన్నప్పుడు కొలవండి. పక్కనే అదే రకం సెల్‌ని రెఫరెన్స్‌గా అదే పలక మీద బిగించాలి. పలకకి నిటారుగా ఒక మేకు కొట్టి, దాని నీడ మాయమయ్యేదాకా పలకని సూర్యుడివైపు తిప్పండి. కిరణాలు నిటారుగా పడుతున్నప్పుడు రెండు సెల్స్ మధ్య 2 డిగ్రీల వాలు తేడా ఉన్నా అది లెక్కలోకి రాదు. అవే 40 డిగ్రీల ఏటవాలుగా పడుతుంటే ఆ 2 డిగ్రీలు 3 శాతం తప్పు తెస్తాయి. తెల్ల చొక్కా వేసుకుని సెల్ మీదికి వంగినా రీడింగు మారుతుంది. పిట్టగోడకి సున్నం కొట్టి ఉంటే దానికి దూరంగా జరగండి.

వేడి

రీడింగుల్ని పాడుచేసేవాటిలో తీగల తర్వాత ఇదే. సీ60 వోల్టేజీ డిగ్రీకి 1.8 మిల్లీవోల్టులు, పవర్ 0.32 శాతం పడిపోతాయి, కరెంట్ 3.5 మిల్లీఆంపియర్లు పెరుగుతుంది. ఇంత పల్చని సిలికాన్‌కి వేడి పట్టి ఉంచే శక్తి ఎంతో తక్కువ. దన్ను లేకుండా గాల్లో ఉన్న సెల్ మీద నిండు ఎండ పడితే మొదట్లో సెకనుకి దాదాపు 3 డిగ్రీలు ఎక్కుతుంది. అంటే ఐదు సెకన్లు ఆలస్యమైతే 5 శాతం పవర్ పోయినట్టు కనిపిస్తుంది. మందపాటి అల్యూమినియం ప్లేటు, వీలైతే దాని వెనక నీళ్ల గొట్టం, సెల్ వెనక అంటుకునే సన్న థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) పెట్టుకోండి.

కొలిచే వరస:

1. సెల్‌ని జిగ్‌లో పెట్టి అట్టతో కప్పండి. ప్లేటు, సెల్ ఒకే ఉష్ణోగ్రతకి వచ్చేదాకా ఆగండి.
2. అట్ట తీసిన వెంటనే ఓపెన్ వోల్టేజీ, ఉష్ణోగ్రత, రెఫరెన్స్ సెల్ కరెంట్ నోట్ చేయించండి.
3. ఒక సెకను లోపు 60 నుంచి 100 పాయింట్ల స్వీప్ నడపండి, అంటే షార్ట్ నుంచి ఓపెన్ దాకా వోల్టేజీ మారుస్తూ చదవండి. 0.50, 0.62 వోల్టుల మధ్య పాయింట్లు దట్టంగా ఉండాలి.
4. రెఫరెన్స్ కరెంట్ మళ్లీ చదవండి. మొదటి రీడింగుతో అర శాతం పైన తేడా ఉంటే ఆ స్వీప్ పారేయండి.
5. అట్ట కప్పి సెల్‌ని చల్లారనివ్వండి. మళ్లీ అట్ట తీసి రెండోసారి ఎదురు దిశలో స్వీప్ చేయండి.

రెండు దిశలు ఎందుకంటే ఈ బ్యాక్ కాంటాక్ట్ సెల్స్‌కి కెపాసిటెన్స్ ఎక్కువ. కొద్ది మిల్లీసెకన్లలో స్వీప్ చేస్తే షార్ట్ నుంచి ఓపెన్ వైపు వెళ్లేటప్పుడు పవర్ తక్కువగా, తిరుగు దిశలో ఎక్కువగా కనిపిస్తుంది. రెండు గీతలూ కలవకపోతే స్వీప్ నెమ్మదించండి. గరిష్ఠ పవర్‌ని ఒక్క పాయింటు నుంచి తీసుకోకుండా, శిఖరం చుట్టూ ఉన్న పాయింట్లకి వక్రరేఖ వేసి చదివితే నాయిస్ తగ్గుతుంది.

ప్రామాణిక పరిస్థితికి మార్చడం

సెల్, రెఫరెన్స్ రెండూ 48 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. 6.28 ఆంపియర్లుగా క్యాలిబ్రేట్ చేసిన రెఫరెన్స్ సెల్ 5.73 చూపింది. 25 కన్నా ఎక్కువున్న 23 డిగ్రీలకి 0.08 తీసేస్తే 5.65, దాన్ని 6.28తో భాగిస్తే 0.90. అంటే వెలుతురు 900 వాట్లు. పరీక్షిస్తున్న సెల్ 0.529 వోల్టుల దగ్గర 5.36 ఆంపియర్లు ఇచ్చింది, పవర్ 2.835 వాట్లు. 0.90తో భాగిస్తే 3.15. ఉష్ణోగ్రత వల్ల తగ్గింది 23 సార్లు 0.32, అంటే 7.36 శాతం. 3.15ని 0.9264తో భాగిస్తే 3.40 వాట్లు. ఓపెన్ వోల్టేజీ 0.642 వచ్చిందనుకోండి, దానికి 41 మిల్లీవోల్టులు కలిపితే 0.683, వెలుతురు తేడాకి ఇంకో 3. మొత్తం 0.686, డేటాషీట్ పక్కనే ఉంది. ఈ రెండో లెక్క మొదటిదానికి కాపలా. వోల్టేజీ కలవకపోతే థర్మోకపుల్ ఊడిందేమో చూడండి.

గ్రాఫ్ ఎడమవైపు, షార్ట్ కరెంట్ దగ్గర, గీత బల్లపరుపుగా కాక కిందికి జారుతుంటే సెల్ లోపల లీకేజీ (దీన్నీ షంట్ అనే అంటారు). కుడివైపు చివర నిటారుగా పడకుండా వాలితే సిరీస్ రెసిస్టెన్స్, అంటే కరెంట్ దారిలో ఉన్న అడ్డంకి. ఇది కనబడితే సెల్‌ని తప్పుపట్టే ముందు పిన్నులు తుడిచి మళ్లీ కొలవండి. షార్ట్ కరెంట్ మాత్రమే తగ్గితే వెలుతురు, మురికి, లేదా విరిగిపోయిన మూల.

బిన్నింగ్

సిరీస్‌లో జోడెద్దుల లెక్కే: ఒకటి నెమ్మదిస్తే రెండోదీ నెమ్మదించాలి. అందుకే సెల్స్‌ని వాట్లని బట్టి కాకుండా, గరిష్ఠ పవర్ దగ్గరి కరెంట్‌ని బట్టి వేరుచేయండి. 3.40 వాట్ల సెల్స్ రెండింటిలో ఒకటి 5.93 ఆంపియర్లు, ఇంకోటి 5.80 ఇవ్వొచ్చు, వాటిని ఒకే స్ట్రింగ్‌లో (సిరీస్‌లో కలిపిన సెల్స్ వరసలో) కలిపితే నష్టం. 0.03 నుంచి 0.05 ఆంపియర్ల వెడల్పుతో బిన్‌లు చాలు. అంతకన్నా సన్నగా విడగొట్టినా మీ రిపీటబిలిటీ (మళ్లీ కొలిస్తే అదే అంకె వచ్చే తీరు) దాన్ని సమర్థించదు. తక్కువ కరెంట్ బిన్‌ని కారు ముక్కు దగ్గరో, పక్కలకి వంగిన చోటో పెట్టండి, అక్కడ ఎలాగూ కిరణాలు వాలుగా పడతాయి.

ఒక సెల్‌ని కంట్రోల్‌గా పక్కన పెట్టి ప్రతి 20 సెల్స్‌కి ఒకసారి కొలవాలి. అది అర శాతం కదిలితే ఆగి కారణం వెతకండి. ఆ 20 సెల్స్‌నీ మళ్లీ కొలవాల్సిందే.

సెల్స్‌ని కలిపే ట్యాబ్‌లు సోల్డర్ చేశాక, ప్లాస్టిక్ పొరల మధ్య అతికించి లామినేట్ చేశాక అదే టెస్ట్ మళ్లీ చేయాలి. లామినేట్ చేసిన మాడ్యూల్‌కి లోడ్ బదులు కెపాసిటర్ వాడొచ్చు. 20 వోల్టులు, 6 ఆంపియర్ల మాడ్యూల్‌కి 15,000 మైక్రోఫారడ్‌లు పెడితే ఛార్జ్ అవడానికి సుమారు 50 మిల్లీసెకన్లు పడుతుంది. గ్రాఫ్‌లో మెట్టు కనిపిస్తే ఏదో సెల్ వెనకబడి బైపాస్ డయోడ్ (వెనకబడ్డ సెల్స్‌ని దాటి కరెంట్‌కి దారి ఇచ్చేది) పనిచేస్తోందని అర్థం.

గ్రాఫ్‌లో తెలియని పగుళ్లు ఎలక్ట్రోల్యుమినిసెన్స్‌లో, అంటే సెల్‌లోకి కరెంట్ ఎక్కించి దాన్ని మెరిపించి చూసే పద్ధతిలో తెలుస్తాయి. చీకటి గదిలో మాడ్యూల్‌కి ఎదురుగా కాక ముందుకి 6 ఆంపియర్లు ఎక్కించి, ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ తీసేసిన కెమెరాతో కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్ ఇవ్వండి. సెల్ 1150 నానోమీటర్ల దగ్గర మెరుస్తుంది. ముక్కగా నల్లబడ్డ చోటు సర్క్యూట్‌ నుంచి తెగిపోయింది. సన్న నల్ల గీత ఇప్పటికి పవర్ తగ్గించకపోయినా రోడ్డు కుదుపులకి తెగుతుంది. లామినేషన్‌కి ముందు దొరికితే ఆ సెల్‌ని మార్చేయండి, తర్వాత మార్చలేరు.

కారు మీద బిగించాక ఒక జాగ్రత్త. ఎండ ఉన్నంతసేపూ స్ట్రింగ్‌లో 100 వోల్టుల పైన డీసీ ఉండొచ్చు, స్విచ్ ఆపితే పోదు. కనెక్టర్లు ముట్టుకునే ముందు మందపాటి దుప్పటి కప్పండి. కరెంట్ పారుతుండగా కనెక్టర్ లాగితే ఆర్క్ పుట్టి పిన్నులు కాలిపోతాయి.