రూట్ కెనాల్ ద్రావణాల వల్ల డెంటిన్ ఎంత మెత్తబడిందో కొలవడం

చెన్నైలో దంతవైద్య పీజీ చేస్తూ థీసిస్‌కు ఈ అంశాన్ని ఎంచుకున్న తెలుగు విద్యార్థులు ముందుగా గమనించవలసినది, రూట్ కెనాల్‌ను కడిగే సోడియం హైపోక్లోరైట్ డెంటిన్ (పంటి లోపలి గట్టి పొర)లోని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను కరిగిస్తుందనీ, 17 శాతం ఈడీటీఏ అనే రసాయనం కాల్షియాన్ని లాగివేస్తుందనీ, అందువల్ల రెండింటినీ విడిగానూ వరుసగానూ పరీక్షించాలనీ.

వంకర పళ్ల చికిత్స కోసం తీసిన ఒంటివేరు ప్రీమోలార్లను (కోరపళ్ల వెనుక ఉండే చిన్న దవడపళ్లను) 0.1 శాతం థైమాల్ అనే క్రిమినాశక ద్రావణంలో నిల్వ చేయండి. కొందరు హైపోక్లోరైట్‌లోనే నిల్వ ఉంచుతారు. అలా చేస్తే పరీక్ష మొదలుకాకముందే ఫలితం చెడినట్టే.

వేరును నిలువుగా చీల్చి, ఆక్రిలిక్‌లో పొదిగి, సిలికాన్ కార్బైడ్ కాగితాలతో నీటి ధార కింద నునుపు చేయాలి.

అసలు జాగ్రత్త గట్టిదనాన్ని కొలిచే వికర్స్ పరీక్ష దగ్గరే అవసరం. 136 డిగ్రీల వజ్రపు మొన చేసిన గుంట కర్ణాలను కొలిచి గట్టిదనాన్ని లెక్కిస్తారు; అయితే పల్ప్‌కు (పంటి మధ్యలోని మెత్తని కణజాలానికి) దగ్గరయ్యేకొద్దీ డెంటిన్‌లోని సన్నని నాళికలు చిక్కబడి డెంటిన్ సహజంగానే మెత్తగా ఉంటుంది కనుక, రూట్ కెనాల్ గోడ నుంచి ఒకే దూరంలో, అదే నమూనాపై, ద్రావణానికి ముందూ తరువాతా కొలవకపోతే ఆ అంకెలకు అర్థం ఉండదు.

ఈడీటీఏకు 1 నిమిషం, 10 నిమిషాలు అనే రెండు వ్యవధులు పెట్టండి. రెండోదానిలో నాళికల చుట్టూ కోత తరచుగా కనిపిస్తుంది. గడువు ముగియగానే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నమూనా ఆరిపోకుండా కొలవండి.