డెస్క్‌టాప్ ప్రోగ్రామింగ్, 7వ పాఠం: 99 దగ్గర నిలబడిపోయే బార్

పోయిన పాఠంలో ఫోల్డర్ కాపీ చేసే ప్రోగ్రాం రాసి, దానికి ప్రోగ్రెస్ బార్ (పని ఎంత శాతం అయిందో చూపించే పట్టీ) పెట్టమన్నాను. మీరు పంపినవి చూశాక ఈ వారం చెప్పాల్సిన మెనూల పాఠాన్ని వెనక్కి జరిపాను. కొందరికి కాపీ మొదలవగానే విండో తెల్లబడి "నాట్ రెస్పాండింగ్" అని పడింది. ఎక్కువమందికి బార్ చకచకా 99కి వెళ్లి అక్కడే ఆగిపోయింది. మొదటిది త్వరగా చెప్పేస్తాను. రెండోదాని దగ్గర మాత్రం కాస్త ఓపిగ్గా కూర్చోండి.

విండో బిగుసుకుపోయిన వాళ్లందరూ కాపీ లూప్‌ను బటన్ ఫంక్షన్‌లోనే రాశారు. ఆ ఫంక్షన్ ముగిసేదాకా టికింటర్‌కి (పైథాన్‌లో విండోలు గీసే లైబ్రరీ) బార్ గీసే తీరిక దొరకదు. కాపీని వేరే థ్రెడ్‌లో (ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే ఇంకో పని వరుస) పెట్టండి, కానీ ఆ థ్రెడ్ నుంచి బార్‌ను ముట్టుకోకండి. విడ్జెట్ల (విండోలోని బార్, బటన్ లాంటివి) జోలికి మెయిన్ థ్రెడ్ ఒక్కటే వెళ్లాలి. మామూలుగా ఇక్కడ ఒక థ్రెడ్ నుంచి ఇంకోదానికి సందేశాలు వరసగా అందించే క్యూ వాడమంటారు. ఈ పనికి నాకు ఒక్క అంకె చాలనిపిస్తుంది. కాపీ థ్రెడ్ "అయిన బైట్లు" అనే వేరియబుల్‌ను పెంచుకుంటూ పోతుంది. మెయిన్ థ్రెడ్ ఆఫ్టర్ ఫంక్షన్‌తో 100 మిల్లీసెకన్లకోసారి ఆ అంకె చదివి బార్ గీస్తుంది. రాసే థ్రెడ్ ఒకటే, చదివే థ్రెడ్ ఒకటే కాబట్టి గొడవ లేదు. లూప్ మధ్యలో, విండోని అప్పటికప్పుడు గీయించే అప్‌డేట్ ఫంక్షన్ పిలిచి సరిపెట్టిన వాళ్లు దాన్ని తీసేయండి. కాపీ నడుస్తుండగా ఎవరైనా అదే బటన్ మళ్లీ నొక్కితే, మొదటి కాపీ కడుపులో రెండోది మొదలవుతుంది.

ఇక 99 సంగతి. కావలిలో ఒక ఫొటో స్టూడియోకి ప్రోగ్రాం చేసిస్తున్న పాఠకుడు తన కోడ్ మొత్తం పంపారు. పెళ్లి ఫోల్డర్‌లో 1,400 ఫొటోలు, ఒక్కోటి సుమారు 8 ఎంబీ. రెండు వీడియోలు, ఒక్కోటి 15 జీబీ. ఆయన బార్ గరిష్ఠ విలువ 1,402 అని పెట్టి, ఒక్కో ఫైలు అయ్యాక ఒకటి కలిపారు. ఫొటోలు ముందు వెళ్లాయి. అవన్నీ అయ్యేసరికి బార్ 99 దాటింది. నిజంగా కాపీ అయింది ఎంత? 41.2 జీబీలో 11.2 జీబీ, అంటే 27 శాతం. స్టూడియోలో ఎదురు చూసే మనిషి ఆ బార్‌ని చూసి ఇంకో నిమిషంలో అయిపోతుందనుకుంటాడు. పెళ్లివాళ్లకి కూడా అదే మాట చెప్తాడు. తర్వాత ప్రోగ్రాం హ్యాంగ్ అయిందనుకుని మధ్యలో మూసేస్తాడు. వీడియో సగంలో తెగిపోతుంది. తప్పు బార్ పోగొట్టేది కస్టమర్ పెళ్లి వీడియోని. నేను దీని మీద ఇంత పట్టుబట్టేది అందుకే.

మీరు లెక్కపెట్టే వస్తువు, పట్టే టైమ్‌తో పాటు పెరిగేదై ఉండాలి. కాపీకి అది బైట్లు. ముందు పైథాన్‌లోని ఓఎస్ వాక్ ఫంక్షన్‌తో ఫోల్డరంతా తిరిగి సైజులు కూడండి. పైథాన్‌తో వచ్చే షుటిల్ మాడ్యూల్‌లోని కాపీ ఫంక్షన్ ఫైలు మధ్యలో మీకేమీ చెప్పదు, కాబట్టి మీరే లూప్ రాయండి: 4 ఎంబీ చదవడం, రాయడం, రాసినంత కలపడం. అంతకంటే చిన్న ముక్కలు నేను వాడను.

చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే బైట్ల లెక్క కూడా తడబడుతుంది, ఎందుకంటే ప్రతి ఫైలు తెరవడానికి, మూయడానికి సైజుతో సంబంధం లేని టైమ్ పడుతుంది. ఒక్కో ఫైలు సైజుకి అదనంగా కొంత, ఉదాహరణకి 256 కేబీ, కలిపి లెక్కేస్తే చాలు. మీ మెషీన్‌లో ఎంత కలపాలో కొలిచి చూసుకోండి.

ఇంతా చేశాక కూడా 99 దగ్గర ఆగుతుంది. లూప్ అయిపోయింది కాబట్టి పని అయిపోయిందనుకోవడమే కారణం. కోత అయినంత మాత్రాన పంట ఇంటికొచ్చినట్టు కాదు, ఆరబెట్టడం, తూకం, బస్తాలకెత్తడం మిగిలే ఉంటాయి. మీరు రైట్ పిలవగానే డేటా పెన్‌డ్రైవ్‌లో పడిపోదు. ముందు పైథాన్ బఫర్‌లోకి, అక్కడి నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ క్యాషేలోకి వెళ్తుంది; రెండూ మెమరీలో తాత్కాలికంగా దాచే చోట్లే. అసలు పెన్‌డ్రైవ్ దాకా చేరేది ఆ తర్వాతే. లైనక్స్‌లో ఇది బాగా కనిపిస్తుంది: బార్ పరుగెత్తి 100 చూపిస్తుంది, ఎజెక్ట్ నొక్కితే మాత్రం నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది. విండోస్ 10లో 2018 చివర్లో వచ్చిన 1809 వెర్షన్ నుంచి పెన్‌డ్రైవ్‌లకి "క్విక్ రిమూవల్" (రాసింది క్యాషేలో ఆపి ఉంచని పద్ధతి) డిఫాల్ట్ అయింది కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ. అయినా మీ ప్రోగ్రాం దాని మీద ఆధారపడకూడదు. 64 ఎంబీ రాసినప్పుడల్లా ముందు ఫ్లష్ (పైథాన్ బఫర్‌ను ఖాళీ చేసేది), తర్వాత ఎఫ్‌సింక్ (క్యాషేలోది డ్రైవ్‌కి చేర్చేది) పిలవండి. ఎఫ్‌సింక్ తిరిగొచ్చాకే ఆ బైట్లను "అయిన" లెక్కలో కలపండి. ఫ్లష్ లేకుండా ఎఫ్‌సింక్ ఒక్కటే పిలిస్తే పైథాన్ బఫర్‌లోది అక్కడే ఉండిపోతుంది. వరుస మార్చకండి. ఫైలు మూసేముందు మిగిలిన ముక్కకి కూడా ఇదే వరుస. కాపీ కొంచెం నెమ్మదిస్తుంది, ఫరవాలేదు. బార్ 100 అన్నప్పుడు పెన్‌డ్రైవ్ లాగితే ఫైలు అందులో ఉండాలి.

కాపీ కాని పనుల్లో లూప్ తర్వాతి భాగం ఇంకా పెద్దది. చీమకుర్తి గ్రానైట్ యార్డులో స్లాబుల కొలతలున్న సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టిక) ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లోకి ఎక్కిస్తున్నారనుకోండి. మొత్తం వరసలెన్నో ముందు తెలీదు, కానీ ఫైలు సైజు తెలుసు. టెక్స్ట్ మోడ్‌లో తెరిచి వరస వరసా చదువుతూ, ఫైలులో ఎక్కడిదాకా వచ్చామో చెప్పే టెల్ పిలిస్తే ఎర్రర్ వస్తుంది. బైనరీలో తెరిచి, దానిపైన బైట్లను అక్షరాలుగా మార్చే టెక్స్ట్ ఐఓ ర్యాపర్ తొడిగి, కింది బైనరీ ఫైలును టెల్ అడగండి. కొన్ని కేబీలు ముందుకు చూపిస్తుంది, అంత తేడా ఎవరి కంటికీ ఆనదు. ఎక్కించాక ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వాడే సూచిక) కట్టాలి. పని మధ్యమధ్యలో మన ఫంక్షన్‌ను పిలిచే ఎస్‌క్యూలైట్ ప్రోగ్రెస్ హ్యాండ్లర్ ఉంది కదా అని కొందరు రాశారు. అది పని నడుస్తోందని చెప్తుందే గానీ, ఎంత మిగిలిందో చెప్పదు. కాబట్టి ఆ దశలో బార్‌ను ఇన్‌డిటర్మినేట్ మోడ్‌కి (శాతం చూపకుండా ఊరికే కదిలేది) మార్చి, "ఇండెక్స్ కడుతోంది" అని పక్కన రాయండి. చివర్లో బ్యాకప్ తీస్తే మాత్రం, పైథాన్ 3.7 నుంచి ఉన్న బ్యాకప్ ఫంక్షన్ మిగిలిన పేజీలు (డేటాబేస్ ఫైలులోని ముక్కలు), మొత్తం పేజీలు రెండూ ఇస్తుంది. ఒక్కో విడతలో ఎన్ని పేజీలు కాపీ చేయాలో ఆ సంఖ్య తప్పకుండా ఇవ్వండి, లేకపోతే అంతా ఒకే దెబ్బకి చేసేసి చివర్లో ఒక్కసారే చెప్తుంది.

టైమర్ పెట్టి బార్‌ను దానంతట అది జరిగేట్టు చేసిన ప్రోగ్రాంలు కూడా వచ్చాయి. ఒకరిది 90 దాకా టైమర్‌తో నడిచి, పని అయ్యాక 100కి దూకుతుంది. చూడ్డానికి బాగుంది, అందులో సమాచారం ఏమీ లేదు. చివర్లో వేగం పెరిగే బార్ తక్కువ సేపు పట్టినట్టు అనిపిస్తుందని 2007లో క్రిస్ హారిసన్ అనే పరిశోధకుడి బృందం చూపించిన మాట నిజమే. మీరు ఆ దారికి వెళ్లకండి. మన బార్ చూసి జనం టీకి వెళ్లాలా వద్దా అని నిర్ణయించుకుంటారు.

పైథాన్ బదులు సీ షార్ప్ భాషలో విన్‌ఫామ్స్ లైబ్రరీతో విండోలు చేసేవాళ్లకి ఒక్క మాట: విండోస్ విస్టా నుంచి బార్ ముందుకు నెమ్మదిగా జారుతుంది, వెనక్కి మాత్రం వెంటనే వస్తుంది. విలువ కావలసినదానికంటే ఒకటి ఎక్కువ పెట్టి వెంటనే తగ్గిస్తే సరైన చోట నిలుస్తుంది.

అభ్యాసం: 3,000 చిన్న ఫైళ్లు, ఒక 5 జీబీ ఫైలు ఉన్న ఫోల్డర్ తయారుచేసి పెన్‌డ్రైవ్‌కి కాపీ చేయండి. ప్రతి సెకనుకీ గడిచిన టైమ్, బార్ శాతం ఒక లాగ్ ఫైలులో రాయించండి. కాపీ అయ్యాక 25, 50, 75 శాతాల దగ్గర నిజంగా మొత్తం టైమ్‌లో ఎంత గడిచిందో లెక్కకట్టండి. తేడా పది శాతం మించితే ఫైలుకి కలిపే అదనపు అంకె మార్చి మళ్లీ నడపండి. ఫైళ్ల వరుస తిరగేసి, పెద్దది ముందు వచ్చేట్టు కూడా ఒకసారి నడపండి. బార్ 100కి చేరాక పెన్‌డ్రైవ్ ఎజెక్ట్ అవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లాగ్ కింద రాసి పంపండి. క్యాన్సిల్ బటన్ పాఠం అవి చూశాకే మొదలుపెడతాను.