సజ్జ మీది బందూకు ఆట దించే ముందు

ఏప్రిల్ ఆఖర్లో బడులు మూసిన రోజు నుంచి మా ఇంట్లో ఒకటే నస. "మామా, ఆ బందూకు ఆట ఎప్పుడు దించుతవ్?" హైదరాబాద్ నుంచి అక్క పిల్లలు, మిర్యాలగూడ నుంచి చిన్నాయన మనవలు దిగుతారు. అందరి చేతుల్లో ఫోన్లు ఉంటాయి. అయినా ప్లాస్టిక్ బందూకు పట్టుకొని డబ్బా టీవీలో జాంబీలను కాల్చడమంటే వాళ్లకు వేరే సంబరం. ఆట ‘ద హౌస్ ఆఫ్ ద డెడ్ 2’. సెగా కంపెనీ 1998లో ఆర్కేడ్ మిషన్ల కోసం చేసి, మరుసటేడు డ్రీమ్‌కాస్ట్ అనే, ఇంట్లో టీవీకి తగిలించి ఆడుకునే తన డబ్బాకు తెచ్చింది. 2001లో ఆ డ్రీమ్‌కాస్ట్ తయారీనే ఆపేసింది. కాబట్టి మీ ఇంట్లో ఉన్నది ఎంత కొత్తగా కనిపించినా పాతికేండ్ల ముసలిది. ముసలివాళ్లను ఎండాకాలంలో ఎట్లా చూసుకుంటామో దీన్నీ అట్లనే చూసుకోవాలి.

మొదటి జాగ్రత్త జాంబీలకు కాదు, తేలుకు. సజ్జ మీద ఏడాదిగా కదలని అట్టడబ్బా అంటే నల్లగొండ ఎండల్లో తేళ్లకు, జెర్రులకు చల్లటి ఇల్లు. స్టూలెక్కి నేరుగా చేతులు కింద పెట్టి ఎత్తకండి. ముందు చీపురు కట్టెతో నాలుగు దిక్కులా తట్టండి, దించాక ఎండలో కాసేపు ఉంచి, చెప్పులు వేసుకొని విప్పండి. పోయినేడు మా డబ్బాలో తేలు లేదు గానీ, గాలి పోయే సందుల దగ్గర రెండు బల్లి గుడ్లు అతికి ఉన్నాయి, తెల్లగా, కంది గింజంత. మెత్తటి పెయింట్ బ్రష్షుతో తీసేశాను. నోటితో ఊదొద్దు, తుంపరలు లోపలికి పోతాయి. తడి గుడ్డ అసలే వద్దు. మన దిక్కు బోరు నీళ్ల సంగతి తెలిసిందే, బకెట్ అంచుకే తెల్లటి పొర కడుతుంది. ఆ నీళ్లతో సీడీ తుడిస్తే చుక్కలు పడి లెన్సు చదవలేదు. పొడి నూలు గుడ్డతో నడిమి నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు. టూత్‌పేస్ట్ రాస్తే గీతలు పోతాయని చెప్పే అన్నలు ప్రతి గల్లీకి ఒకరుంటారు. వినకండి.

ఇక కరెంటు. ఇక్కడ నేను కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే దెబ్బ తిన్నది ఇక్కడే. మా డ్రీమ్‌కాస్ట్ మా పెద్దమ్మ కొడుకు అమెరికా నుంచి తెచ్చింది. దాని ప్లగ్గుకు రెండు చదును పుల్లలుంటాయి, మన బోర్డులో పట్టవు. ఒక దుకాణంలో అడిగితే చిన్న కన్వర్టర్ చేతిలో పెట్టి, "పెట్టుకో తమ్మీ, ఏం గాదు" అన్నాడు. పెట్టాను. స్విచ్ వేయగానే నారింజ రంగు దీపం ఒక్కసారి వెలిగింది, "టప్" అంది, కాలిన వాసన, అంతే. ఆ కన్వర్టర్ పుల్లల ఆకారాన్ని మారుస్తుంది గానీ కరెంటును మార్చదు. అమెరికా డబ్బా అడిగేది 120 వోల్టులు, మన గోడలో వచ్చేది 230. కోఠి గుజరాతీ గల్లీలో బాగుచేయించుకొని వచ్చేసరికి ఆ సెలవులే అయిపోయాయి.

అందుకే ప్లగ్గు ముట్టక ముందు డబ్బాను బోర్లా తిప్పి కింది చీటీ చదవండి. 100 అని ఉంటే జపాన్‌ది, 120 అని ఉంటే అమెరికాది. 220 నుంచి 240 అని ఉంటే నేరుగా పెట్టుకోవచ్చు. మొదటి రెండింటికీ వోల్టేజీ దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. డ్రీమ్‌కాస్ట్ తినేది పాతిక వాట్ల లోపే కాబట్టి 100 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ దర్జాగా చాలు. చేత్తో ఎత్తితే ఇటుకంత బరువుండేది అసలైన ట్రాన్స్‌ఫార్మర్. అరచేతిలో దూదిలా తేలే దాన్ని నమ్మకండి.

స్విచ్ వేశాక డబ్బా "పీఈఈ" అని అరిస్తే బెదరొద్దు. అది మెమరీ కార్డులో బ్యాటరీలు అయిపోయిన అరుపు. మా నాయినమ్మ మొదటిసారి ఆ అరుపు విని పొయ్యి మీది కుక్కర్ ఆపి వచ్చింది. ఆ బ్యాటరీలు పోయినా దాచుకున్న ఆటలు పోవు. తేదీ అడిగితే కూడా అంతే, లోపలి గడియారం బ్యాటరీ చచ్చిందని అర్థం. ఆట నడుస్తుండగా ఉన్నట్టుండి మొదటికి పోతుంటే మాత్రం సప్లై బోర్డు పిన్నులకు మసి పట్టి ఉంటుంది, మెకానిక్‌తో తుడిపించండి. ఇంకొకటి, బందూకు వైరు గానీ కంట్రోలర్ గానీ డబ్బా ఆన్‌లో ఉండగా పీకి పెట్టొద్దు. లోపల చిన్న ఫ్యూజు ఎగిరిపోతే నాలుగు పోర్టులూ ఒకేసారి మూగబోతాయి.

ఇప్పుడు టీవీ. "ఇంట్ల గంత పెద్ద ఎల్ఈడీ ఉండంగ ఆ డబ్బా టీవీ ఎందుకు మామా?" అని అడగని పిల్లాడు లేడు. ఎందుకంటే ఎల్ఈడీ మీద ఈ బందూకు గుడ్డిది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క లిప్త పాటు తెల్లగా మెరుస్తుంది, గమనించండి. పాత టీవీలో బొమ్మ అంతా ఒక్కసారే పడదు. ఎలక్ట్రాన్ కిరణం ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి గీత గీతగా గీసుకుంటూ పోతుంది, అమెరికా పద్ధతిలో సెకనుకు 60 సార్లు. బందూకు గొట్టంలోని సెన్సర్‌కు ఆ వెలుగు ఏ క్షణాన తగిలిందో చూసి, మీరు తెర మీద ఎక్కడ గురిపెట్టారో డబ్బా లెక్కకడుతుంది. కొత్త టీవీలో ఆ గీసే కిరణమే లేదు, లెక్క ఎక్కడిది? ఆఖరి రోజుల్లో వచ్చిన 100 హెర్ట్జ్, అంటే సెకనుకు 100 సార్లు గీసే పిక్చర్ ట్యూబ్ టీవీలూ పనికిరావు. మామూలు 21 అంగుళాల డబ్బా ఉత్తమం. నల్లగొండ ప్రకాశం బజార్ వైపు పాత టీవీలు బాగుచేసే వాళ్లను అడిగి చూడండి, మూలన పడేసినవి ఉంటాయి. బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే లేదా దొర్లుతుంటే టీవీ మెనూలో కలర్ సిస్టమ్‌ను ఆటోకు మార్చండి. మరీ పాత టీవీలకు అమెరికా రంగులు అర్థం కావు.

ఆ టీవీని మోయడం దగ్గరే దెబ్బలు తగిలేది. బరువంతా అద్దం వైపే ఉంటుంది. అద్దం మీ ఛాతీకి ఆనేలా పట్టుకోవాలి, ఇద్దరు పట్టాలి. పిల్లలు ఎక్కి లాగే ఎత్తైన స్టాండు మీద పెట్టొద్దు, కదలని కురచ బల్ల మీద గోడకు దగ్గరగా పెట్టండి. వెనక మూత ఎట్టి పరిస్థితుల్లో విప్పొద్దు. లోపల ట్యూబుకు పోయేది 20 వేల వోల్టుల పైమాట, ప్లగ్గు పీకాక కూడా ఆ చార్జి చాలాసేపు పొంచి ఉంటుంది. మీరు చదివింది ఇంజనీరింగే అయినా సరే.

మే నెలలో మధ్యాహ్నం ఆట బంద్. 44, 45 డిగ్రీల ఎండలో, రేకుల గదిలో ఆ చిన్న ఫ్యాను ఏం చల్లబరుస్తుంది? పొద్దున పది లోపు, లేదంటే చీకటి పడ్డాక. చల్లగా ఉంటుందని కూలర్ ముందు పెట్టేవాళ్లున్నారు, అది ఇంకా తప్పు. తడి గాలితో పాటు ఉప్పు తుంపరలూ కొట్టుకొస్తాయి, నాలుగు రోజుల్లో సందుల్లో తెల్ల పొడి కనిపిస్తుంది. కూలర్ మనుషులకు పెట్టండి, డబ్బాకు పైన తిరిగే ఫ్యాను చాలు. సాయంత్రం గాలిదుమారం లేచి దేవరకొండ దిక్కు ఆకాశం నల్లబడితే ఉరుము వినబడే దాకా ఆగకండి. ప్లగ్గులు పీకండి, టీవీ వెనక కేబుల్ వైరు కూడా. పిడుగు కరెంటు తీగ మీదే రావాలని లేదు. కరెంటు పోతే వెంటనే స్విచ్‌లు ఆపాలి, తిరిగి వచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిరెగిరి వస్తుంది. పిల్లలు ఆపరు, "అచ్చిందీ" అని అరవడానికి సిద్ధంగా ఉంటారు. ఆపాల్సింది పెద్దలే.

ఒక్క విషయంలో మాత్రం నవ్వులాట లేదు. ప్రతి గుండుకూ తెర మెరుస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే వాళ్లను ఆడనివ్వొద్దు, పక్కన కూర్చోబెట్టి చూపించొద్దు. 1997 డిసెంబరులో జపాన్‌లో టీవీలో పోకెమాన్ కార్టూన్ చూస్తుండగా ఎరుపు, నీలం వెలుగులు గబగబా మెరిసి, దాదాపు 685 మంది పిల్లలను ఆసుపత్రులకు మోసుకుపోయారు. అందులో చాలామందికి అంతకుముందు ఫిట్స్ వచ్చిందే లేదు. కాబట్టి గది మొత్తం చీకటి చేయొద్దు. ట్యూబ్‌లైట్ నీడ అద్దం మీద పడితే గురి తప్పుతుంది గనుక దాన్ని ఆపి, వెనక వైపు చిన్న బల్బు వేయండి. తెరకు ఆరేడు అడుగుల దూరం. కన్ను అదిరినా, తల తిరిగినా, ఒంట్లో వణుకు వచ్చినా ఆ పూటకు ఆట చాలించాలి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏదీ పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టే వైద్యం వద్దు. ఐదు నిమిషాలు దాటితే 108.

ఆటలోకి వచ్చాక అసలు ప్రమాదం వైరే. తూటాలు ఆరే, అయిపోగానే తెర బయటకు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కితేనే మళ్లీ నిండుతాయి. పిల్లలు ఆ ఊపులో చెయ్యి విసిరితే బందూకు పక్కోడి ముక్కుకు తగులుతుంది, లేదంటే వైరు లాగి డబ్బానే కింద పడుతుంది. అందుకే డ్రీమ్‌కాస్ట్‌ను బల్ల మీద కాదు, నేల మీద పీట వేసి దాని మీద పెట్టండి. ఆడేవాళ్ల మధ్య ఒక చాప వెడల్పు ఖాళీ. పరిగెత్తి వచ్చే మామూలు మనుషులను కాల్చితే ప్రాణం ఒకటి పోతుంది. వాళ్లను కాపాడితే దారే మారుతుంది, కొత్త గదులు వస్తాయి. ఇది చెప్పకపోతే చిన్నోళ్లు కనిపించిన ప్రతివాణ్నీ లేపేస్తారు. పెద్ద రాక్షసుడు వచ్చే ముందు వాడిని ఎక్కడ కొట్టాలో బొమ్మ వేసి చూపిస్తుంది, ఆ పేజీ వచ్చినప్పుడు అందరూ నోరు మూసుకోవాలి.

ఎనిమిదేండ్ల లోపు వాళ్లకు నేను ఇవ్వను. పోయినేడు ఒక బుడ్డోడు రాత్రి మూడింటికి లేచి, "అమ్మమ్మా, తలుపు పెట్టినవా?" అని అడిగాడు. రక్తం రంగు మార్చే వీలు ఆటలోనే ఉంది, ఆకుపచ్చ పెట్టుకోండి, కొంత నయం. ఆ రోజు నాయినమ్మ కళ్లజోడు సర్దుకొని కాసేపు చూసి, "సచ్చినోళ్లు మల్ల లేసుడేందిరా, దినాలు సక్కగ జేయలే?" అంది. ఆ ప్రశ్నకు జవాబు ఆటలో లేదు.

బందూకును మాత్రం గడప దాటనివ్వొద్దు. దూరం నుంచి అసలుదే అనుకుంటారు.

జూన్‌లో బడులు తెరిచే ముందు రోజు మళ్లీ సజ్జ ఎక్కించేటప్పుడు మెమరీ కార్డు బ్యాటరీలు తీసేయండి, లేకుంటే లోపలే కారతాయి. బందూకు వైరును గొట్టానికి బిగించి చుట్టకుండా వదులుగా మడవండి. కలరా ఉండలు ప్లాస్టిక్‌కు పడవు, పురుగుల కోసం ఎండిన వేపాకు గుడ్డలో కట్టి పెట్టండి. డబ్బా మీద మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో రాయండి: "ఇది 120. గోడలో నేరుగా పెట్టొద్దు." మా డబ్బా మీద ఆ రాత కింద ఎవడో చిన్న అక్షరాలతో "మామ పెట్టిండు" అని రాసిపెట్టాడు.