బయోస్ పాస్‌వర్డ్ మర్చిపోయారా? జంపర్‌తో రీసెట్ చేయడం ఇలా

డెస్క్‌టాప్ ఆన్ చేయగానే, విండోస్ మొదలవకముందే బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, బోర్డు మీదే ఉండే ప్రోగ్రామ్) పాస్‌వర్డ్ అడుగుతోందా? ర్యామ్ స్పీడు పెంచబోయి ఏదో సెట్టింగ్ మార్చాక అసలు డిస్‌ప్లేనే రావడం లేదా? రెంటికీ మందు మదర్‌బోర్డు మీదే ఉంది. అదే జంపర్: రెండు పిన్నులను కలిపే చిన్న ప్లాస్టిక్ టోపీ. దీనికోసం బోర్డు మార్చాల్సిన పని లేదు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చిన ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు.

అయితే అన్ని జంపర్లూ ఒకేలా పనిచేయవు. కొన్నింటిని కరెంటు పూర్తిగా తీసేశాకే ముట్టుకోవాలి. మరికొన్నింటిని కదిలించాక కంప్యూటర్ ఆన్ చేస్తేనే ఫలితం ఉంటుంది. మీ బోర్డు ఏ రకమో తెలియకుండా చేయి పెట్టకండి.

ఈ తేడా ఎందుకు?

1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీలో గడియారం చిప్‌లోనే సెట్టింగులు దాచుకునే 64 బైట్ల సీమాస్ మెమరీ ఉండేది. 14 బైట్లు గడియారానికి, 50 సెట్టింగులకు. దాన్ని బ్యాటరీ నిలబెట్టేది. బ్యాటరీ సరఫరా ఆగితే అన్నీ చెరిగిపోయేవి. ఇప్పటి బోర్డుల్లో సెట్టింగులు చాలావరకు ఫ్లాష్ చిప్‌లో ఉంటాయి. దానికి బ్యాటరీ అక్కర్లేదు. జంపర్ చేసేదల్లా ‘గడియారానికి కరెంటు పోయింది’ అని చిప్‌సెట్‌కు (బోర్డును నడిపే చిప్‌కు) తెలియజేయడమే. ఆన్ కాగానే ఫర్మ్‌వేర్, అంటే బయోస్, ఆ గుర్తు చూసి ఫ్యాక్టరీ సెట్టింగులు తెచ్చుకుంటుంది. అప్పుడు పాస్‌వర్డ్ కూడా చెరపాలా వద్దా అన్నది తయారుచేసిన కంపెనీ ఇష్టం. రాత్రంతా బోర్డు మీది బ్యాటరీ సెల్లు తీసిపెట్టినా కొన్ని ఆఫీసు కంప్యూటర్లలో పాస్‌వర్డ్ పోకపోవడానికి కారణం ఇదే.

డబ్బా విప్పేముందు

బోర్డు మీద ముద్రించిన మోడల్ పేరుతో కంపెనీ సైట్ నుంచి మాన్యువల్ దించుకోండి. జంపర్ ఎక్కడుందో బొమ్మతో సహా అందులో ఉంటుంది.

అంతకన్నా ముఖ్యం బిట్‌లాకర్, అంటే డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం. రీసెట్ తర్వాత బయోస్‌లోని టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు మారితే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే డిస్కులో ఉన్న ఫొటోలు, ఫైళ్లు మీకు దక్కవు. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినవాళ్లకు తెలియకుండానే బిట్‌లాకర్ ఆన్ అయి ఉండవచ్చు. కీ సాధారణంగా ఆ ఖాతాలోనే భద్రమై ఉంటుంది. ఫోన్‌లో తెరిచి, కాగితం మీద రాసుకున్నాకే ముందుకు వెళ్లండి.

బయోస్‌లోకి వెళ్లగలిగే స్థితిలో ఉంటే స్క్రీన్లన్నీ ఫొటో తీసుకోండి. సాటా మోడ్ (డిస్కుతో బోర్డు మాట్లాడే పద్ధతి) ఏమని ఉందో తప్పకుండా చూడండి.

మామూలు బోర్డుల్లో

ఆసుస్, గిగాబైట్, ఎంఎస్ఐ, ఏఎస్‌రాక్ బోర్డులతో కట్టించుకున్న సిస్టమ్‌లు ఈ కోవలోకి వస్తాయి.

1. షట్‌డౌన్ చేసి, వెనక ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) స్విచ్ ఆపి, పవర్ కేబుల్ పీకేయండి. షట్‌డౌన్ చేసినా, ఆ స్విచ్ ఆన్‌లో ఉండి కేబుల్ ఉన్నంతసేపూ 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకు అందుతూనే ఉంటుంది. గోడ స్విచ్ ఆపాం కదా అనుకుంటే చాలదు, యూపీఎస్ నుంచి వస్తూ ఉండవచ్చు.

2. పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. కెపాసిటర్లలో మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది.

3. పక్క మూత తీసి, పెయింట్ లేని ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకండి. ఒంట్లోని స్టాటిక్ దిగిపోతుంది.

4. జంపర్ వెతకండి. ఎక్కువగా గుండ్రటి సెల్లు దగ్గరో, బోర్డు కింది అంచునో ఉంటుంది. పక్కన ఉండే అక్షరాలు కంపెనీని బట్టి మారతాయి: ఆసుస్‌లో సీఎల్ఆర్‌టీసీ, ఎంఎస్ఐలో జేబ్యాట్1, గిగాబైట్‌లో సీఎల్ఆర్ సీమాస్, ఏఎస్‌రాక్‌లో సీఎల్ఆర్‌మాస్1. పక్కనే యూఎస్‌బీ పిన్నులు ఉంటాయి, అవి కావు.

5. మూడు పిన్నులుంటే టోపీని 1-2 నుంచి తీసి 2-3 మీద పెట్టి, పది సెకన్లు ఆగి, మళ్లీ 1-2 మీదికి తెచ్చేయండి. రెండే పిన్నులుంటే టోపీతో గానీ, స్క్రూడ్రైవర్ మొనతో గానీ రెంటినీ కలిపి పది సెకన్లు ఉంచండి. మొన పక్క పిన్నులకు తగలనీయకండి. ఇదంతా అయ్యేవరకు పవర్ కేబుల్ పెట్టొద్దు. జంపర్ రీసెట్ స్థానంలో ఉండగా ఆన్ చేస్తే బోర్డు పాడయ్యే ప్రమాదం ఉంది.

ఖరీదైన బోర్డుల్లో ఇదే పనికి వెనకవైపు బటన్ ఉంటుంది. జంపర్ దొరక్కపోతే కరెంటు తీసేసి, సీఆర్2032 సెల్లును పది నిమిషాలు బయట పెట్టి చూడవచ్చు. కరెంటు పోయినప్పుడల్లా టైమ్ వెనక్కి వెళ్తుంటే ఆ సెల్లు అయిపోయినట్టే. విప్పారు కాబట్టి కొత్తది వేయండి, ప్లస్ గుర్తు పైకి.

ఆఫీసు డెస్క్‌టాప్‌లలో

కార్పొరేట్ ఆఫీసులు వాడి అమ్మేసిన డెల్, హెచ్‌పీ, లెనోవో డెస్క్‌టాప్‌లు ఇప్పుడు చదువుకునే పిల్లల ఇళ్లకు చేరుతున్నాయి. కొత్త కంప్యూటర్‌కు డబ్బు పెట్టలేనివాళ్లకు ఇవి నిజంగా వరం. కానీ పాత ఆఫీసు పెట్టిన పాస్‌వర్డ్ అలాగే ఉండిపోతుంటుంది. కొన్న బిల్లు మీ చేతిలో ఉంటే ధైర్యంగా తీసేయండి. ఆఫీసు మీకు వాడుకోవడానికి ఇచ్చిన మెషీన్ అయితే మాత్రం ఐటీ విభాగాన్నే అడగాలి.

వీటిలో పద్ధతి తిరగబడుతుంది. డెల్ ఆప్టిప్లెక్స్‌లలో సెట్టింగులకు ఆర్‌టీసీఆర్‌ఎస్‌టీ, పాస్‌వర్డ్‌కు పీఎస్‌డబ్ల్యూడీ అని వేర్వేరు జంపర్లు ఉంటాయి. పాస్‌వర్డ్ పోవాలంటే కేబుల్ తీసి, రెండో దాని టోపీ తీసేసి, కేబుల్ పెట్టి ఆన్ చేయాలి. పాస్‌వర్డ్ పోయాక ఆపి, కేబుల్ తీసి, టోపీ తిరిగి పెట్టాలి. హెచ్‌పీ చాలా మోడళ్లలో ఈ49 అనే పిన్నుల మీది టోపీతో ఇదే పని చేయాలి, విండోస్ వచ్చేదాకా ఆగాలి. టోపీ తిరిగి పెట్టకపోతే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవడం కుదరదు. హెచ్‌పీలో సెట్టింగులకు మాత్రం వేరే సీమాస్ బటన్ ఉంటుంది, దాన్ని కేబుల్ తీసేసే నొక్కాలి. లెనోవో థింక్‌సెంటర్ చాలావాటిలో టోపీని 2-3కి మార్చి, ఆన్ చేసి పది సెకన్లు ఉంచి, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపి, మళ్లీ 1-2కి తేవాలి.

తిరిగి ఆన్ చేశాక

మొదటిసారి తెర కాసేపు నల్లగానే ఉంటుంది. డీడీఆర్5 ర్యామ్ ఉన్న సిస్టమ్ అయితే ర్యామ్‌ను మళ్లీ సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. కంగారుపడి ఆపేయకండి. తర్వాత ఎఫ్1 నొక్కమని అడిగితే నొక్కి బయోస్‌లోకి వెళ్లండి.

ముందు తేదీ, టైమ్ సరిచేయండి. అవి తప్పుగా ఉంటే బ్రౌజర్‌లో బ్యాంకు సైటు కూడా ‘సురక్షితం కాదు’ అంటుంది. తర్వాత సాటా మోడ్. ఇదివరకు రైడ్ ఉండి ఇప్పుడు ఏహెచ్‌సీఐ అయితే విండోస్ నీలి తెరతో ఆగిపోవచ్చు. ఫార్మాట్ చేయాల్సిన అవసరం లేదు, మోడ్ వెనక్కి మారిస్తే చాలు. ఎక్స్‌ఎంపీ (ర్యామ్ స్పీడు పెంచే సెట్టింగ్), వర్చువలైజేషన్ (ఒక కంప్యూటర్‌లోనే మరోదాన్ని నడిపే సదుపాయం) వాడేవాళ్లు వాటినీ మళ్లీ ఆన్ చేసుకోవాలి. విండోస్ లాగిన్ పాస్‌వర్డ్ ఈ రీసెట్‌తో పోదు, అది వేరే సంగతి.

జంపర్‌కు లొంగనివీ ఉన్నాయి. హెచ్‌పీ బిజినెస్ మోడళ్లు కొన్నింటిలో జంపర్‌తో పాస్‌వర్డ్ తీయడాన్నే నిరోధించే సెట్టింగ్ ఉంటుంది. చాలా లాప్‌టాప్‌లలో పాస్‌వర్డ్ విడి చిప్‌లో ఉంటుంది కాబట్టి సెల్లు పీకినా కదలదు. వాటికి కొన్న బిల్లు, సీరియల్ నంబరు పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి.