సాల్మన్ వేటకు అలాస్కా వెళ్తున్నారా? ఎలుగుబంటి కంటే ముందు నీళ్ల గురించి ఆలోచించండి

మృగశిర కార్తె రాగానే ముషీరాబాద్, బేగంబజార్ చేపల మార్కెట్లలో కాలు పెట్టే సందు ఉండదు. ఇంచుమించు అవే రోజుల్లో అమెరికాలోని అలాస్కా రాష్ట్రం నదుల్లోకి సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఎదురీదుకుంటూ రావడం మొదలవుతుంది. ఆ వేట మీద మనసుపడే హైదరాబాద్ వాళ్లు కూడా ఉన్నారు. సియాటిల్‌లో ఉన్న తమ్ముడో, డల్లాస్‌లో ఉన్న బావో ప్లాన్ వేస్తాడు. పిల్లల్ని చూడటానికి వెళ్లిన నాన్ననో, మామయ్యనో వెంటబెట్టుకుని వెళ్తారు. వెళ్లండి, గాలం పట్టడం ఇష్టమున్న మనిషి జీవితంలో ఒక్కసారైనా చూడాల్సిన చోటు అది. కానీ నాగార్జునసాగర్ ఒడ్డున కూర్చుని బెండు ఎప్పుడు మునుగుతుందా అని చూసే వేట కాదు. మారుమూల నదుల దగ్గర రోడ్డు ఉండదు, సెల్ సిగ్నల్ ఉండదు, 108 రాదు. చిన్న విమానం మిమ్మల్ని నీళ్ల మీద దింపి వెళ్లిపోతే, మళ్లీ అది వచ్చేదాకా మీకు మీరే దిక్కు.

బయల్దేరేవాళ్లు ముందుగా అడిగేది ఎలుగుబంటి గురించే. దాని గురించి చెప్పాల్సింది చాలానే ఉంది, చెబుతాను. కానీ మనవాళ్లకు అక్కడ అసలు ముప్పు నీళ్లతోనే అని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ముందు ఆ సంగతి.

నీళ్లు

అక్కడి నదులు చాలావరకు మంచు, హిమానీనదాలు కరిగి వచ్చేవి. నడి వేసవిలో కూడా చాలా చోట్ల నీటి ఉష్ణోగ్రత 10 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది, కొన్నిచోట్ల ఇంకా తక్కువ. ఊరి బావిలో, కాలనీ స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకున్న ఈత ఉంది కదా అన్న ధైర్యం అక్కడ పనిచేయదు. అంత చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే మన ప్రమేయం లేకుండానే నోరు తెరిచి గట్టిగా ఊపిరి పీల్చేస్తాం. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే అంతే. గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పెరిగిపోతాయి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు టికెట్లు బుక్ చేసుకోకముందే డాక్టర్‌తో మాట్లాడాలని చెప్పడానికి ఇదే కారణం.

చల్లటి నీళ్ల ప్రమాదాల మీద శిక్షణ ఇచ్చేవాళ్లు 1-10-1 అని ఒక లెక్క చెబుతారు. మొదటి 1 నిమిషం ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి. ఆ తర్వాత దాదాపు 10 నిమిషాలు చేతులూ కాళ్లూ మాట వింటాయి, బయటపడే ప్రయత్నం ఏదైనా ఆ లోపే. చలికి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది. ఆ గంట దాకా బతికి ఉండాలంటే తల నీళ్ల పైన ఉండాలి, తలను పైన ఉంచేది లైఫ్ జాకెట్. పడవలో కూర్చున్నప్పుడే కాదు, నదిలో దిగి నిలబడ్డప్పుడు కూడా తొడుక్కోండి. ఉక్కగా ఉందని తీసి పక్కన పెట్టిన జాకెట్ ఎవరినీ కాపాడదు.

నదిలో నిలబడటానికి ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంటు లాంటిది వేసుకుంటారు, వేడర్స్ అంటారు. దాని మీద నడుముకు బెల్టు ఉంటుంది. ఆ బెల్టు బిగించకుండా నీళ్లలోకి ఒక్క అడుగు కూడా వేయొద్దు. పడిపోతే లోపలికి నీళ్లు చేరకుండా ఆపేది అదే. బూట్ల అడుగున ఫెల్ట్ గుడ్డ ఉన్నవి కొనకండి. ఒక నదిలోని సూక్ష్మజీవులను ఇంకో నదికి మోసుకెళ్తాయని 2012 నుంచి అలాస్కా మంచినీటి వేటలో వాటిని నిషేధించారు. రబ్బరు అడుగుకు లోహపు మేకులున్నవి తీసుకోండి. చేతిలో కర్ర కూడా ఉండాలి.

2014 జూన్ 8ని హైదరాబాద్ మర్చిపోలేదు. హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి దిగిన మన ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదలడంతో చూస్తుండగానే నది పెరిగింది. అలాస్కా మారుమూల నదుల మీద డ్యామ్ లేకపోవచ్చు, కానీ అక్కడ ఆ పని ఎండ చేస్తుంది. పగలంతా హిమానీనదం కరిగి, సాయంత్రానికి నీటిమట్టం పెరుగుతుంది. పొద్దున మోకాలి లోతులో దాటిన పాయ, తిరిగొచ్చేటప్పుడు నడుము దాకా ఉండొచ్చు. హిమానీనదం నీళ్లు బూడిద రంగులో ఉంటాయి కాబట్టి లోతు కంటికి తెలియదు కూడా. కాబట్టి దాటాల్సిందేమైనా ఉంటే తెల్లవారుజామునే. మోకాలు దాటి నీళ్లు ఉంటే, వడి ఎక్కువగా ఉంటే దాటనే వద్దు, అవతలి ఒడ్డున ఎంత పెద్ద చేప కనబడినా సరే. వీపు మీద బ్యాగు ఉంటే దాని క్లిప్పులు ముందే విప్పి పెట్టుకోండి, పడితే వదిలించుకోవచ్చు. వేడర్స్ బెల్టు మాత్రం బిగించే ఉండాలి.

ఒకవేళ కొట్టుకుపోతే వెల్లకిలా తిరగండి. కాళ్లు ప్రవాహం పోయే వైపు, పాదాలు పైకి. లోతు నీళ్లలో లేచి నిలబడే ప్రయత్నం చేస్తే పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటుంది, ప్రవాహం మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. నీళ్లలో పడి ఉన్న చెట్ల కొమ్మల వైపు పోకుండా చూసుకోండి. ఇదంతా చదివితే రాదు. బయల్దేరే ముందు కొన్ని వారాలు స్విమ్మింగ్ పూల్‌కు వెళ్లి లైఫ్ జాకెట్‌తో ఇలా తేలడం ప్రాక్టీస్ చేయండి. ఖాజాగూడ గుట్టల మీద బరువున్న బ్యాగుతో ఎక్కి దిగితే కాళ్లకు పట్టు వస్తుంది.

అలాస్కాలోని పెద్ద నగరం యాంకరేజ్ చుట్టుపక్కల సముద్రపు ఒడ్డున ఇంకో ప్రమాదం ఉంది. అక్కడ పోటుకు, ఆటుకు మధ్య తేడా 30 అడుగులు దాటే రోజులుంటాయి. ఆటు సమయంలో బయటపడే బురద నేల చూడటానికి గట్టిగానే ఉంటుంది, అడుగు పెడితే కాళ్లు దిగబడిపోతాయి, ఆలోపు పోటు వచ్చేస్తుంది. ఫొటో కోసమైనా ఆ బురద మీదకు వెళ్లకండి, పిల్లల్ని వెళ్లనివ్వకండి.

బట్టల సంగతి చిన్నదే కానీ ప్రాణాల మీదకు తెస్తుంది. జీన్స్, కాటన్ బనియన్లు ఇంట్లోనే వదిలేయండి. తడిస్తే ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి. ఉన్ని, లేదా త్వరగా ఆరే సింథటిక్ బట్టలు కావాలి. ఒక జత పూర్తిగా వాటర్‌ప్రూఫ్ సంచిలో వేరుగా ఉండాలి. పక్కన ఉన్నవాళ్లకు మాట తడబడుతున్నా, చేతిలో వస్తువు జారిపోతున్నా, చికాకుగా మాట్లాడుతున్నా చలి పట్టేసిందని అర్థం. తడి బట్టలు విప్పించి, పొడివి వేసి, స్లీపింగ్ బ్యాగులో పడుకోబెట్టి, మింగగలిగితే వేడివేడి తీపి టీ ఇవ్వండి. విపరీతంగా వణికిన మనిషి ఒళ్లు వేడెక్కకుండానే వణుకు ఆగిపోతే బాగుపడినట్టు కాదు, పరిస్థితి విషమించినట్టు. చలికి రెండు పెగ్గులు మంచివనే మాట మాత్రం నమ్మొద్దు. మద్యం తాగితే వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం ఇంకా త్వరగా పోతుంది.

ఎలుగుబంటి

కట్‌మాయి నేషనల్ పార్క్ ఒక్కదానిలోనే దాదాపు 2,200 గోధుమ ఎలుగులు ఉంటాయని అంచనా. అవి నది దగ్గరకు వచ్చేది మన కోసం కాదు, సాల్మన్ కోసం. చలికాలం నిద్రకు సరిపడా కొవ్వు పెంచుకోవాలంటే వాటికి ఈ చేపే ఆధారం. ఇద్దరూ ఒకే చేప కోసం ఒకే ఒడ్డుకు వస్తారు కాబట్టి తప్పుకోవాల్సింది మనమే. గాలానికి చేప పడి కొట్టుకుంటుండగా ఎలుగు మీ వైపు వస్తే దారం కోసేయండి. వంద డాలర్ల చేప అని చూడకండి. మనుషుల దగ్గర చేప సులువుగా దొరుకుతుందని ఒక్కసారి అలవాటైన ఎలుగు తర్వాత వచ్చేవాళ్ల మీదకు వెళ్తుంది, చివరికి దాన్ని చంపాల్సి వస్తుంది.

కనీసం 50 గజాల దూరం పాటించాలి. పొదల మధ్య, నది మలుపుల దగ్గర గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి, తెలుగైనా ఫర్వాలేదు. ఎదురుపడితే పరిగెత్తొద్దు. నెమ్మదిగా మాట్లాడుతూ వెనక్కి తగ్గండి. గోధుమ ఎలుగు మీదపడితే బోర్లా పడుకుని, మెడ వెనక చేతులు పెట్టుకుని కదలకుండా ఉండాలి. నల్ల ఎలుగైతే తిరగబడి కొట్టాలి. ఈ రెండింటి తేడా ఫొటోలు చూసి ముందే తెలుసుకోండి. రంగును నమ్మొద్దు, గోధుమ ఎలుగుకు భుజాల మీద మూపురం ఉంటుంది. మూస్ అనే పెద్ద దుప్పి జాతి జంతువు తరిమితే మాత్రం పరిగెత్తి చెట్టు చాటుకు వెళ్లాల్సిందే.

బేర్ స్ప్రే, అంటే మీదకొచ్చే ఎలుగు ముఖం మీద కొట్టే కారం స్ప్రే, ఒక్కొక్కరికి ఒకటి, నడుముకో ఛాతీకో చేతికందేలా ఉండాలి. బ్యాగులో అడుగున ఉంటే లేనట్టే. ప్యాసింజర్ విమానాల్లో చేతి సంచిలో గానీ, చెకిన్ లగేజీలో గానీ దాన్ని తీసుకెళ్లనివ్వరు. యాంకరేజ్‌లో కొనుక్కోండి, నీళ్ల మీద దిగే చిన్న విమానం ఎక్కేటప్పుడు మీ దగ్గర ఉందని పైలట్‌కు చెప్పండి. అది క్యాబిన్‌లో పేలితే పైలట్‌కు కళ్లు కనబడవు. దోమల మందులా ఒంటికీ, టెంటుకీ కొట్టుకునేది కాదు. ఆ వాసన ఆరాక ఎలుగులను దగ్గరకు రప్పిస్తుంది కూడా. దోమలకు డీట్ అనే రసాయనం ఉన్న మందు, తలకు వల వేరే ఉండాలి. జూన్, జూలైలో అవి లేకుండా నిలబడలేరు.

ఇక మన వంట. తాజా చేప చేతిలో ఉంటే పులుసు పెట్టాలనిపిస్తుంది, ఆ కోరిక నాకు తెలుసు. పెట్టుకోండి, కానీ టెంటుకు 100 గజాల దూరంలో, గాలి టెంటు వైపు వీచని చోట. పోపు వాసన పట్టిన బట్టలతో పడుకోవద్దు. ఆవకాయ డబ్బా, మసాలాలు, చివరికి టూత్‌పేస్టు, సబ్బు కూడా ఎలుగు తెరవలేని డబ్బాలో పెట్టి టెంటుకు దూరంగా ఉంచాలి. చేప కోసిన వ్యర్థాలను ఎలా పారేయాలో ఒక్కో నదికి ఒక్కో నియమం ఉంటుంది, అక్కడి వాళ్లను అడిగి తీరాలి.

గాలం, చట్టం

సాకై అనే ఎర్ర సాల్మన్ వేటలో సీసం గుండు బరువుతో దారాన్ని గట్టిగా లాగుతుంటారు. గాలం ఊడితే ఆ గుండు తుపాకీ తూటాలా ముఖం మీదకు వస్తుంది. కళ్లద్దాలు లేకుండా నది దగ్గరకు పోవద్దు, పక్కవాళ్లు వేస్తున్నప్పుడు కూడా. కంట్లో కొక్కెం గుచ్చుకుంటే లాగకండి. తాకకుండా పైన ఒక కప్పు లాంటిది కట్టి వెంటనే సహాయం పిలవండి. టెటనస్ ఇంజెక్షన్ ఇక్కడే వేయించుకుని వెళ్లండి.

16 ఏళ్లు, ఆపైన ఉన్న బయటివాళ్లందరికీ లైసెన్స్ కావాలి. సాల్మన్‌లో అన్నిటికంటే పెద్ద రకమైన కింగ్ సాల్మన్ పట్టాలంటే అదనంగా ఇంకో స్టాంపు. చేపల రాక తగ్గితే అత్యవసర ఆదేశాలతో సీజన్ మధ్యలోనే వేట ఆపేస్తారు. కింగ్‌లకు పేరుపొందిన కీనై నదిలోనే ఈ మధ్య ఆ వేట మూసేశారు, కాబట్టి వెళ్లే రోజు ఉదయం కూడా నియమాలు చూసుకోండి. మంచినీటిలో నోటికి కాకుండా ఒంటికి గాలం పడిన చేపను వెంటనే వదిలేయాలి. వీసా మీద వెళ్లిన మనం ఇలాంటి విషయాల్లో కేసు దాకా తెచ్చుకోకూడదు. చట్టప్రకారం చేపల వేటకు గైడ్ తప్పనిసరి కాదు. అయినా మొదటిసారి వెళ్లేవాళ్లు గైడ్ ఖర్చు తగ్గించుకోవాలని చూడొద్దు.

హైదరాబాద్‌లో ఉండగానే

ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు మారుమూల చోటు నుంచి హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తరలించే ఖర్చు అందులో ఉందా అని రాతపూర్వకంగా అడగండి. షుగర్, బీపీ మందులు అవసరానికి రెట్టింపు పట్టుకెళ్లండి, రెండు వేర్వేరు బ్యాగుల్లో. వాతావరణం బాగోకపోతే చిన్న విమానం రెండు మూడు రోజులు రాకపోవచ్చు, తిండి కూడా ఆ లెక్కనే ఉండాలి. తిరుగు ప్రయాణం టికెట్ ఆ మర్నాటికే పెట్టుకోకండి. ఇన్సులిన్ గడ్డకడితే ఇక పనికిరాదు, చలి రాత్రుల్లో ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. తాగే నీళ్లు ఎంత తేటగా కనబడినా విరేచనాలు తెప్పించే జియార్డియా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, కనీసం 1 నిమిషం తెర్లించాకే తాగండి. అమెరికా కస్టమ్స్‌లో తిండి పదార్థాలన్నీ చెప్పాలి. చికెన్, మటన్ పచ్చళ్లు తీసుకెళ్లొద్దు.

నెట్‌వర్క్ లేనిచోట శాటిలైట్ ద్వారా మెసేజ్, ఎస్ఓఎస్ పంపే పరికరం లేకుండా వెళ్లడం నా దృష్టిలో చాలా తప్పు. అయితే దాన్ని ఇక్కడి నుంచి పట్టుకెళ్లే ఆలోచన, తిరిగి తెచ్చుకునే ఆలోచన రెండూ వద్దు. టెలికాం శాఖ అనుమతి లేకుండా ఇలాంటి పరికరం ఉంచుకోవడం మన దేశంలో నేరం, విమానాశ్రయాల్లో పట్టుకున్న సందర్భాలున్నాయి. యాంకరేజ్‌లో అద్దెకు తీసుకుని, శంషాబాద్ విమానం ఎక్కే ముందు అక్కడే తిరిగిచ్చేయండి.

ఎక్కడ దిగుతున్నారు, ఎవరెవరు, ఏ రోజు ఎన్ని గంటలకు తిరిగొస్తారు అన్నది కాగితం మీద రాసి అమెరికాలోనే ఉన్న బంధువుకు ఇవ్వండి. వేసవిలో అలాస్కా మనకంటే 13 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుంది. ఇంట్లో అమ్మకో, అత్తయ్యకో ఆ భారం పెడితే టెన్షన్ తప్ప ఉపయోగం ఉండదు. చెప్పిన గడువు దాటితే అక్కడి రాష్ట్ర పోలీసులైన అలాస్కా స్టేట్ ట్రూపర్స్‌కు ఫోన్ చేయాలని ఆ బంధువుకు స్పష్టంగా చెప్పండి. గాలింపు చర్యలు చూసేది వాళ్లే.

పట్టిన చేపను బాగా ఉడికించి తింటే భయం లేదు. పచ్చిగా తినే సరదా ఉంటే మాత్రం సాల్మన్‌లో టేప్‌వార్మ్, అనిసాకిస్ లాంటి పురుగులు ఉంటాయి కాబట్టి మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు గడ్డకట్టించాకే. మామూలు ఇంటి ఫ్రీజర్ చాలాసార్లు అంత చల్లబడదు. ఇండియాకు తేవాలని చూడకండి, దారిలోనే కరిగిపోతుంది, దిగుమతి అనుమతుల చిక్కూ ఉంటుంది. యాంకరేజ్‌లో గడ్డకట్టించి పెట్టెలో ప్యాక్ చేసిచ్చే చోట్లు ఉన్నాయి. తమ్ముడి ఇంటికో, బావ ఇంటికో లగేజీలో పంపించేయండి.