డయల్-అప్ మోడెమ్ వేగాన్ని యాక్సెస్ సర్వర్‌లో గమనించడం, తగ్గించడం ఎలా?

"స్పీడ్ బాగానే చూపిస్తోంది, కానీ లైన్ మాటిమాటికీ కట్ అవుతోంది." డయల్-అప్ వాడేవాళ్ల నుంచి తరచూ వచ్చే ఫిర్యాదు ఇది. గరిష్ఠ వేగం కాస్త తగ్గిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. అయితే ముందు కొలవాలి.

1. సిస్కో ఏఎస్5300 లాంటి యాక్సెస్ సర్వర్‌లో (యూజర్ల డయల్-అప్ కాల్స్ అందుకునే యంత్రం) "షో మోడెమ్ కనెక్ట్-స్పీడ్స్" కమాండ్ ఇవ్వండి. ఏ మోడెమ్ ఏ వేగంతో ఎన్నిసార్లు కలిసిందో తెలుస్తుంది. ఏ యూజర్‌కు ఎంత వచ్చిందో కావాలంటే రేడియస్ (యూజర్ల లాగిన్‌లు, సెషన్లు నమోదు చేసే వ్యవస్థ) అకౌంటింగ్ లాగ్‌లో కనెక్ట్-ఇన్ఫో (77వ అట్రిబ్యూట్) చూడాలి. యూజర్ స్క్రీన్‌పై కనిపించే 115200ని (ఈ వేగాలన్నీ సెకనుకు బిట్లలో) మాత్రం నమ్మకండి. అది కంప్యూటర్‌కూ మోడెమ్‌కూ మధ్య వేగం, ఫోన్ లైన్‌ది కాదు.

2. తప్పు ఎక్కడుందో తేల్చండి. ఒకే మోడెమ్‌పై పడిన కాల్స్ అన్నీ నెమ్మదిగా ఉంటే ఆ మోడెమ్‌నే అనుమానించి, "మోడెమ్ బిజీఅవుట్"తో పక్కన పెట్టండి. ఎవరికీ 33,600 దాటకపోతే మాత్రం సెట్టింగులతో కుస్తీ పట్టి లాభం లేదు. వి.90 (33,600 దాటి వెళ్లగల మోడెమ్ ప్రమాణం) వేగం రావాలంటే సర్వర్ వైపు లైన్ డిజిటల్‌గా ఉండాలి, దారిలో అనలాగ్ మార్పిడి ఒక్కసారే జరగాలి.

3. "షో మోడెమ్ ఆపరేషనల్-స్టేటస్"లో రీట్రెయిన్‌ల (లైన్ బాగోనప్పుడు రెండు మోడెమ్‌లూ డేటా ఆపి మళ్లీ వేగం కుదుర్చుకోవడం) లెక్క చూడండి. అసలు గుట్టు ఇక్కడే ఉంటుంది. ఉదాహరణకు 46,667 వద్ద కలిసిన కాల్, లైన్‌లో గరగర వల్ల పదేపదే రీట్రెయిన్ అవుతుందనుకోండి. అలా అయిన ప్రతిసారీ కొన్ని సెకన్లు డేటా ఆగిపోతుంది. అదే యూజర్‌కు 31,200 వద్ద కదలకుండా నిలిచే కాల్ ఎంతో మేలు.

4. వి.34 (33,600 వరకే వెళ్లే పాత ప్రమాణం) మాత్రమే వాడేలా కొత్త మోడెమ్‌క్యాప్ (మోడెమ్‌కు ఇచ్చే సెట్టింగుల జాబితా) రాసి, లైన్ కాన్ఫిగరేషన్‌లో "మోడెమ్ ఆటోకాన్ఫిగర్ టైప్"తో తగిలించండి. అప్పుడు వేగం 33,600 దాటదు. ఎస్-రిజిస్టర్ (మోడెమ్ లోపల సెట్టింగులు ఉండే చోటు) విలువలు మోడెమ్‌ను బట్టి మారతాయి కాబట్టి మాన్యువల్ చూసే రాయండి.

దీన్ని అన్ని మోడెమ్‌లకూ రుద్దకండి, మంచి లైన్ ఉన్నవాళ్లకు అన్యాయం జరుగుతుంది. కొన్ని మోడెమ్‌లతో వేరే పూల్ పెట్టి, దానికి వేరే ఫోన్ నంబర్ కేటాయించండి. ఇబ్బంది పడుతున్నవాళ్లకే ఆ నంబర్ ఇవ్వండి. కొన్నాళ్లు వాళ్ల సెషన్ల నిడివి పాత లాగ్‌లతో పోల్చి చూడండి. తేడా ఏమీ లేకపోతే పరిమితి తీసేసి, వాళ్ల ఇంటి వైరింగ్, ఫోన్ లైన్ చెక్ చేయించండి.