మైనస్ పది ఆధారంలో పిన్‌కోడ్ రాయడం

సంఖ్యామానం ఆధారం (మనం రోజూ రాసే సంఖ్యల్లో అది పది) ధన సంఖ్యే కానక్కర్లేదు. రుణ సంఖ్యతోనూ పూర్ణసంఖ్యలన్నీ రాయొచ్చని ఇటలీ గణితవేత్త విట్టోరియో గ్రున్‌వాల్డ్ 1885లోనే చూపించాడు. 1950ల చివర్లో పోలండ్‌లో మైనస్ రెండు ఆధారంగా కంప్యూటర్లే తయారుచేశారు. కాగితం మీద చేసుకోవడానికి మాత్రం మైనస్ పదే సుఖం: అంకెలు అవే, 0 నుంచి 9.

స్థాన విలువలు కుడి నుంచి 1, −10, 100, −1000, 10,000, −1,00,000, 10,00,000. గుంటూరు బ్రాడీపేట పిన్‌కోడ్ 522002ను మార్చాలంటే −10తో భాగిస్తూ పోవాలి. ప్రతిసారీ శేషం 0–9 మధ్యే ఉండాలి.

522002 = (−10)(−52200) + 2
−52200 = (−10)(5220) + 0
5220 = (−10)(−522) + 0
−522 = (−10)(53) + 8
53 = (−10)(−5) + 3
−5 = (−10)(1) + 5
1 = (−10)(0) + 1

శేషాలను కింది నుంచి పైకి చదివితే 1538002. సరిచూడండి: 10,00,000 − 5,00,000 + 30,000 − 8,000 + 2 = 5,22,002.

తప్పు జరిగేది దాదాపు ఎప్పుడూ నాలుగో వరుస లాంటి చోటే. −522ని −10తో భాగిస్తే 52, శేషం −2 అని చెయ్యి అలవాటుగా రాసేస్తుంది. శేషానికి 10, భాగఫలానికి 1 కలపండి. 8, 53 వస్తాయి. ప్రోగ్రామ్‌లోనూ ఇదే గొడవ. సీ, పైథాన్ భాషలు రెండూ ఇక్కడ −2నే ఇస్తాయి; 53 దగ్గర సీ సరిగ్గా 3 ఇస్తే, పైథాన్ −7 ఇస్తుంది. శేషం రుణమైతే ఇదే సవరణ చేసేలా ఒక్క షరతు పెడితే రెండింట్లోనూ సరిపోతుంది.

భాగహారం లేని దారి కూడా ఉంది. కుడి నుంచి మొదలుపెట్టి, పదులు, వేలు, లక్షల స్థానాల్లో సున్నా కాని అంకెను 10లోంచి తీసేసి, ఎడమ పక్కదానికి 1 కలపండి. మిగతా స్థానాల్లో అంకె అలాగే ఉంటుంది. కలిపాక 10 అయితే 0 వేసి 1ని ఎడమకు పంపాలి. విజయవాడ వన్‌టౌన్ 520001లో మారాల్సింది లక్షల స్థానంలో 5 ఒక్కటే, అదీ మళ్లీ 5గానే మిగులుతుంది: 1520001. 990తో చేసి చూడండి, 19010 రావాలి.

మైనస్ పది ఆధారంలో మైనస్ గుర్తుతో పనే లేదు. అంకెల సంఖ్య బేసి అయితే ధనం, సరి అయితే రుణం. 520001ని మార్చకుండా అలాగే ఈ ఆధారంలో చదివితే −4,79,999 అవుతుంది.

అసలు సరదా భాజనీయతలో, అంటే ఏ సంఖ్యతో శేషం లేకుండా భాగించవచ్చో చూడడంలో, ఉంది. మామూలుగా అంకెల మొత్తం 9 సంగతి చెబుతుంది, ఒకటి విడిచి ఒకటి కూడుతూ తీసేస్తే 11 సంగతి తెలుస్తుంది; ఇక్కడ ఈ రెండు సూత్రాలూ తారుమారవుతాయి. −10ని 11తో భాగిస్తే శేషం 1 కాబట్టి, ఇక్కడ అంకెల మొత్తం చెప్పేది 11 సంగతి. 1538002లో మొత్తం 19, దాన్ని 11తో భాగిస్తే శేషం 8, 522002కీ అంతే. 9కి కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి కూడుతూ తీసేస్తూ వెళ్లాలి: 2−0+0−8+3−5+1 = −7, అంటే శేషం 2. 2, 5ల సూత్రాలు మాత్రం మారవు, చివరి అంకె చూస్తే చాలు.

కూడికలో క్యారీ +1 కాదు, −1. ఎడమ స్థానంలో −1 మిగిలితే 9 వేసి, ఆ పై స్థానానికి +1 పంపాలి. అందుకే 7+5 ఇక్కడ 192.